రికార్డు అట్టను గోడకు బిగించకండి

పాత ఎల్పీ గ్రామఫోన్ రికార్డుల అట్టలను హాల్లో పెట్టి అప్పుడప్పుడూ మారుస్తూ ఉండాలా, లేక పటాలు కట్టించి శాశ్వతంగా తగిలించాలా అని అడిగారు. మార్చడమే సరైన పద్ధతి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, నేను ఒకసారి పటం కట్టించి నష్టపోయాను.

మాది విజయనగరం. మా నాన్నగారు తాను కొన్న ప్రతి ఎల్పీ అట్ట వెనుక, కింది మూలన, కొన్న తేదీ, ఊరు, వెల సిరా కలంతో రాసేవారు. ఆయన పోయాక, సంవత్సరీకం నాటికి ఆయనకు ఇష్టమైన చిట్టిబాబు వీణ రికార్డు అట్టను హాల్లో ఉంచాలని ఒక పటాల దుకాణంలో ఇచ్చాను. రికార్డే 12 అంగుళాలు కనుక దాని అట్ట అంతకంటే కొంచెం పెద్దదిగా, సుమారు 31.5 సెంటీమీటర్లు ఉంటుంది. దుకాణంలో ఉన్న ఫ్రేము సరిగ్గా 12 అంగుళాలది. పని చేసినాయన నన్ను ఒక్క మాటైనా అడగకుండా అంచులు కత్తిరించి, వెనుకభాగమంతా మైదా జిగురు పూసి, చెక్కకు అంటించేశాడు. సాయంత్రం నేను వెళ్లి వెనుక ఉన్న రాత సంగతి అడిగితే, "వెనకాల ఎవరు చూస్తారు సార్?" అన్నాడు. నేనూ నా భార్యా రాత్రి పదకొండింటి దాకా తడిగుడ్డ అద్దుతూ ఊడదీయడానికి ప్రయత్నించాం. పొరలుగా లేచివచ్చిన కాగితం మీద "విశాఖ" అన్న మాట ఒక్కటే మిగిలింది.

ఆ తరువాత వడ్రంగి చేత గోడకు మూడంగుళాల వెడల్పు చెక్కపట్టీ కొట్టించి, అట్ట జారకుండా ముందువైపు అరంగుళం అంచు పెట్టించాను. నాలుగు అట్టలు పడతాయి. మేకు, జిగురు, టేపు ఏదీ అట్టను తాకదు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజున కిటికీలోంచి జల్లు కొడుతుంటే నాలుగింటినీ ఒక్క చేత్తో తీసి లోపలి గదిలోకి తీసుకుపోగలిగాం. పటాలైతే తడిసిపోయేవి.

పదిహేను రోజులకొకసారి మారుస్తాను. ఎక్కువ కాలం వెలుతురులో ఉంటే అచ్చు రంగులు వెలుస్తాయి, కాబట్టి ఎండ నేరుగా పడే గోడ వద్దు. వానాకాలంలో చెమ్మ పట్టే గోడ అసలే వద్దు. రికార్డును మాత్రం అట్టతో పాటు బయట ఉంచకుండా తెల్ల కవరులో వేసి, బీరువాలో నిలువుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే, అందులోనూ మన వేసవిలో, వంకర తిరుగుతుంది. తాతల నాటి, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులకు మధ్యలో గుండ్రని రంధ్రం ఉన్న కాగితపు కవర్లే ఎక్కువ కనుక అవి ఈ పనికి అంతగా నప్పవు.

ఏది పెట్టాలన్నది క్యాలెండరే చెబుతుంది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి చుట్టాలు వచ్చినప్పుడు, ఈ ఊళ్లో పుట్టిన సుశీల గారి రికార్డులు, ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారివి ఉంటాయి. త్యాగరాజ ఆరాధన నాటికి బాలమురళీకృష్ణ గారివి వస్తాయి. అట్ట బయట ఉన్న రికార్డును ఆ పక్షం రోజుల్లో ఒక్కసారైనా వినాలన్నది మా ఇంటి నియమం. వినని రికార్డు అట్టను అలంకరణకు పెట్టడం నాకు నచ్చదు. మంచి రికార్డులను వేడిచేసి గిన్నెలుగా వంచడం, గడియారాలుగా కోయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నాలుగింటిలో ఒకదాన్ని ఎప్పుడూ వెనక్కి తిప్పి పెట్టండి. కచేరీ రికార్డులకు రాగం, తాళం, పక్కవాద్యాల వారి పేర్లు ఉండేది అటువైపే. మా పిల్లలు మృదంగం వాయించిన వారి పేరు తెలుసుకున్నది అలా చదివే.

ఆ వీణ రికార్డు ఇప్పుడు తెల్ల కవరులో ఉంది. దాని వెనుక, కింది మూలన, "విశాఖలో కొన్నది" అని నేనే రాశాను.