బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ తగ్గితే?

ప్రశ్న: నొప్పుల్లో బిడ్డ గుండె వేగం పడిపోయిందని మా చెల్లికి అత్యవసరంగా సిజేరియన్ చేశారు. బొడ్డుతాడు ధమని రక్తంలో పీహెచ్ 7.08, కార్బన్ డయాక్సైడ్ 75, బేస్ డెఫిసిట్ 7 అని రాశారు. పాప వెంటనే ఏడ్చింది, పాలు బాగా తాగుతోంది. మెదడుకు ముప్పుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఈ అంకెలను బట్టి కంగారు పడాల్సింది లేదమ్మా. పీహెచ్ అంటే రక్తం ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె; అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. బొడ్డుతాడు ధమనిలో ఇది సాధారణంగా 7.27 దరిదాపుల్లో ఉంటుంది. మెదడు దెబ్బతినే అవకాశం గురించి గట్టిగా ఆలోచించేది అది 7.0 కంటే తగ్గి, బేస్ డెఫిసిట్ (రక్తంలో ఆమ్లాన్ని విరిచే క్షారం ఎంత తగ్గిందో చెప్పే అంకె) 12 లేదా అంతకు మించినప్పుడు. బొడ్డుతాడు కాసేపు నొక్కుకుపోతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది. బిడ్డ ఊపిరి తీసుకోగానే అది బయటికి పోతుంది. మీ పాపది ఎక్కువగా ఈ రకమే. ఆక్సిజన్ చాలాసేపు అందకపోతే లాక్టిక్ ఆమ్లం పెరిగి బేస్ డెఫిసిట్ ఎక్కువవుతుంది. భయపడాల్సింది దానికి.

నమూనా సరిగ్గా తీశారా అన్నదీ ముఖ్యమే. తాడును రెండు వైపులా క్లాంపు వేసి, 10–20 సెం.మీ. ముక్కలోంచి హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) ఉన్న సిరంజితో ధమని, సిర రెండింటి రక్తమూ తీయాలి. ధమనులు సన్నం, సిర లావు. పొరపాటున సిరలోకే సూది దిగితే అంకెలు నిజంకన్నా మెరుగ్గా కనిపిస్తాయి. రెండింటి పీహెచ్‌కీ కనీసం 0.02 తేడా లేకపోతే ఒకే నాళంలోంచి తీశారని అనుమానించాలి. గాలిబుడగ, హెపారిన్ ఎక్కువైనా ఫలితం మారిపోతుంది.

పాప మగతగా ఉన్నా, పాలు మానేసినా, ఫిట్స్ వచ్చినా మాత్రం వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.