కంపైలర్ మార్చి ఊరుకోకు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

రాత్రి ఫోన్‌లో నీ గొంతులోనే టెన్షన్ తెలిసిపోయింది. "రస్ట్ భాషలో ప్రోగ్రామ్ రాస్తే మెమరీ సేఫ్ అని మేనేజర్‌ని నేనే ఒప్పించాను మావయ్యా, ఇప్పుడు మనం వాడుకునే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలోనే మెమరీ లోపం బయటపడింది, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?" అన్నావు. నువ్వు చెప్పింది అబద్ధం కాదమ్మా. నువ్వు రాసే సేఫ్ కోడ్‌కి, దాన్ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ కాపలా ఉంటుంది. లైబ్రరీ లోపల అన్‌సేఫ్ అని రాసుకున్న చోట మాత్రం ఆ కాపలా మనిషే కాయాలి. మనిషన్నాక ఎక్కడో ఒకచోట పొరబడతాడు.

2018లో భాషతో పాటే వచ్చే రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఇలా జరిగింది. ఒక స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, అడిగినన్నిసార్లు వరసగా అతికించి ఇచ్చే రిపీట్ ఫంక్షన్ ఉంది కదా, అది పొడవుని సార్లతో గుణించి అంత చోటు తీసుకుంటుంది. సంఖ్య మరీ పెద్దదైతే, పాత స్కూటర్ మీటరు 99999 దాటి సున్నాకి తిరిగినట్టు, ఆ లెక్క తిరిగి చిన్నదైపోయేది. మన మిర్చి కోల్డ్ స్టోరేజీ సంగతే అనుకో. రిజిస్టర్‌లో పది బస్తాలకే చోటు రాశారు, లారీలో వచ్చినవి వెయ్యి. హమాలీలు రిజిస్టర్ చూడరు, దించుకుంటూ పోతారు. పక్క రైతు సరుకంతా నలిగిపోతుంది. బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. రస్ట్ వెర్షన్ 1.26.0 నుంచి 1.29.0 దాకా ఉన్న ఆ లోపాన్ని 1.29.1లో సరిచేశారు. ఇప్పుడు లెక్క హద్దు దాటితే ప్రోగ్రామ్ పానిక్ అవుతుంది, అంటే పని అక్కడే ఆపేస్తుంది, పక్కవాళ్ల మెమరీ జోలికి పోదు.

ముందు కార్గో ఆడిట్ అనే టూల్ నడుపు. నీ ప్రాజెక్ట్ వాడే లైబ్రరీల చిట్టా ఉండే లాక్ ఫైల్‌లోని వెర్షన్లను బయటపడ్డ లోపాల జాబితాతో పోల్చి చెబుతుంది. నువ్వు నేరుగా పెట్టుకోని లైబ్రరీ అయితే, దాన్ని ఎవరు లాక్కొచ్చారో కార్గో ట్రీ చూపిస్తుంది. అయితే స్టాండర్డ్ లైబ్రరీ ఆ లాక్ ఫైల్‌లో ఉండదు. ఆడిట్ ఏమీ అనలేదని అక్కడ ధీమా పడకు, కంపైలర్ వెర్షన్ నీ కళ్లతో చూసుకో.

నేను దెబ్బతిన్నది దీని తర్వాతి మెట్టు దగ్గర. అప్పట్లో కంపైలర్ కొత్తది వేసి, అయిపోయిందనుకుని ఇంటికొచ్చేశాను. సర్వర్ మీద నడుస్తున్నది పాత బైనరీయే, అంటే ముందు బిల్డ్ చేసి ఎక్కించిన ప్రోగ్రామే. పాత లైబ్రరీ దానిలోనే కలిసిపోయి ఉంది. మూడు వారాల తర్వాత గానీ నాకది తట్టలేదు. ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. అందుకే మళ్లీ బిల్డ్ చెయ్యి, మళ్లీ ఎక్కించు, సర్వీస్ ఆపి మొదలుపెట్టు. ఎక్కడెక్కడ ఏ బైనరీ నడుస్తోందో కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ కొట్టెయ్యి.

బయటివాళ్లు పంపే సంఖ్య లోపమున్న ఫంక్షన్ దాకా చేరుతుందా అన్నది కూడా చూడు. చేరితే ఈ రాత్రే మార్చు. చేరకపోతే రేపు పొద్దున్న, అంతేగానీ వచ్చే నెల కాదు.

మేనేజర్‌తో ఇవాళే మాట్లాడు. ఏ వెర్షన్‌లో ఉన్నాం, ఎన్ని సర్వర్లు మార్చాం, ఎన్ని మిగిలాయి, ఈ మూడూ చెబితే చాలు. నీ దగ్గర రస్ట్ మీద పెద్ద ఉపన్యాసం ఆయన ఆశించడు.

బెంజి సర్కిల్ ఆఫీసులో ఎంత రాత్రయినా సరే, ఏదైనా తేలకపోతే ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

మీ మావయ్య