పొలంలో సోలార్ పంపుసెట్‌కి బ్యాటరీ పెట్టాలా?

అక్కర్లేదు, పొలంలో పెట్టే సోలార్ పంపు బ్యాటరీ లేకుండానే నడుస్తుంది. రైతుకి నిల్వ ఉండాల్సింది కరెంటు కాదు నీళ్లు, ఎండ ఉన్నప్పుడు తోడి తొట్టిలోనో ఫామ్ పాండ్‌లోనో పెట్టుకుంటే సాయంత్రం కూడా పారించుకోవచ్చు. ప్యానెల్స్ నుంచి వచ్చే కరెంటు నేరుగా కంట్రోలర్‌లోకి వెళ్తుంది, అది ఎండ ఎంతుంటే మోటార్‌ని అంత స్పీడులో తిప్పుతుంది, అందుకే పొద్దున 7 గంటలకి సన్నగా పడే ధార 12 అయ్యేసరికి పైపు నిండా దూకుతుంది. ఉదాహరణకి 5 హెచ్‌పీ మోటార్ అంటే దాదాపు 3,730 వాట్లు, దానికి 4,800 వాట్ల దాకా ప్యానెల్స్ పెడతారు, ఎందుకంటే వేడికి, దుమ్ముకి, ఏటవాలుగా పడే ఎండకి ప్యానెల్ మీద రాసినన్ని వాట్లు పూర్తిగా రావు. ఇదే మోటార్‌ని బ్యాటరీల మీద నడపాలంటే గంటకి దాదాపు 4 యూనిట్లు లాగుతుంది, అన్ని బ్యాటరీలు కొని కొన్నేళ్లకోసారి మార్చడం చిన్న రైతుకి అస్సలు గిట్టుబాటు కాదు. చాలామంది పొరబడేది ఎక్కడంటే, మబ్బు పట్టగానే పంపు ఆగిపోతుందనుకుంటారు. పల్చటి మబ్బుకి ధార తగ్గుతుందే గానీ ఆగదు, బాగా ముసురు పట్టిన రోజు మాత్రం ఆగుతుంది, ఆ రోజు ఎలాగూ తడి పెట్టే పని పెద్దగా ఉండదు.