ఇంగ్లండు సంతల్లో దొరికే పాత సిగరెట్ కార్డులు, అంటే ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన చిన్న బొమ్మల అట్టలు, కొనడం డబ్బు దండగా?

రేటు పెరుగుతుందనే ఆశతో కొంటే దండగే. ఈ మాట ఎత్తగానే అందరూ అమెరికా బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న సిగరెట్ కార్డు గురించి చెబుతారు, 2022లో 72 లక్షల డాలర్ల పైన పలికిందని. మనకు సంతలో దొరికేవి అలాంటివి కావు. బొమ్మ చూసి కొనండి.

నేను ఉండేది బ్రిస్టల్‌లో, విల్స్ సిగరెట్ కంపెనీ పుట్టిన ఊళ్లో. ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో విల్స్ వాళ్ల 1938 నాటి ఆల్బమ్ దొరికింది. పేరు 'ఎయిర్ రెయిడ్ ప్రికాషన్స్', అంటే విమాన దాడులప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, మొత్తం 50 కార్డులు. బాంబులు పడితే ఏ గదిలో తలదాచుకోవాలి, విషవాయువు లోపలికి రాకుండా సందులు ఎలా మూయాలి, గ్యాస్ మాస్కు ఎలా తగిలించుకోవాలి, అన్నీ రంగుల బొమ్మల్లో ఉన్నాయి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలే కాలేదు. నాన్న సిగరెట్ పెట్టెలోంచి తీసి ఇస్తే పిల్లలు వెనక జిగురు తడిపి ఆల్బమ్‌లో అంటించుకునేవాళ్లు. నా ఆల్బమ్‌లో మాస్కు కార్డు వంకరగా అంటించి ఉంది, మూలన చిన్న వేలి మరక. అది చూసి ఒళ్లు జలదరించింది. ఆ కాలం గురించి నేను చదివిన ఏ పుస్తకమూ నన్నంతగా కదిలించలేదు.

పనితనం కూడా చూడండి. మూడంగుళాలు కూడా లేని అట్ట మీద మనిషి, గది, చేతుల కదలిక, అన్నీ ఒక్క చూపులో అర్థమవుతాయి. గీసినవాళ్ల పేరు మాత్రం ఎక్కడా ఉండదు, కంపెనీ పేరే. ఇది అన్యాయం. పోస్టర్ గీసినవాళ్లు ఆర్టిస్టులైతే వీళ్లూ ఆర్టిస్టులే.

ఇలాంటి ఆల్బమ్‌లను నీళ్లలో నానబెట్టి, కార్డులు ఊడదీసి విడిగా అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పిల్లాడి వేలి మరక కూడా ఆ నీళ్లలోనే పోతుంది కదా!

నాకింత పట్టింపు ఎందుకంటే, మాది ఒంగోలు పక్క పల్లె. మా తాతకు పొగాకు బ్యారన్, అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే కొట్టం, ఉండేది, అందులో వేలాడదీయడానికి నాయనమ్మ కర్రలకు ఆకు కట్టేది. 1930లలోనే గుంటూరు వైపు పండిన వర్జీనియా ఆకు ఓడలెక్కి ఇంగ్లండుకు వచ్చేది. ఓడలు, పక్షులు, పూలు, క్రికెటర్లు, అందరూ ఆ కార్డుల మీదికెక్కారు. కర్రలకు ఆకు కట్టే మన ఆడవాళ్ల బొమ్మ ఉన్న కార్డు కోసం సంతకు వెళ్లిన ప్రతిసారీ వెతుకుతుంటాను. ఇంతవరకు దొరకలేదు. మీలో ఎవరికైనా కనిపిస్తే చెప్పండి, ఎంతైనా కొంటాను.