నడుముకు కట్టే బరువు

చెన్నై

చి. మురళికి ఆశీస్సులు.

తుపాకీ లైసెన్సు వచ్చింది కదా, నడుముకు కట్టుకోవడానికి నిర్భీక్ రివాల్వర్ తీసుకోనా, ప్రబల్ రివాల్వర్ తీసుకోనా అని అడిగావు. కాగితం మీద నిర్భీక్ 525 గ్రాములు, ప్రబల్ 700. రెండూ .32 బోరే (అంటే తూటా సైజు), బ్యారెల్, అదే గొట్టం, రెండింటికీ మూడంగుళాలే, మొత్తం పొడవూ ఇంచుమించు ఏడంగుళాలే. కాబట్టి పొడవు లెక్క వదిలెయ్.

ఆ బరువులు ఖాళీగా ఉన్నప్పటివి. ఆరు తూటాలకి యాభై గ్రాములు దాటుతుంది, తోలు హోల్‌స్టర్‌కి, అంటే బెల్టుకి తగిలించే తుపాకీ ఒరకి, మరో వంద వేసుకో. అంటే ప్రబల్ 850కి చేరుతుంది, నిర్భీక్ 680 దగ్గర ఆగుతుంది. కొనకముందే 850 గ్రాముల కందిపప్పు గుడ్డసంచిలో గట్టిగా కట్టి, కుడి తుంటి వెనక బెల్టుకి తగిలించి వారం రోజులు కొట్టుకి వెళ్ళిరా. ఆటోలో కూర్చున్నప్పుడు, చెప్పులు తొడుక్కోవడానికి వంగినప్పుడు సంగతి తెలుస్తుంది. తర్వాత 680కి తగ్గించి చూడు. పలచటి బెల్టయితే ఏ బరువైనా బయటికి వాలిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న రెండు పొరల తోలు బెల్టు ముందు కొను. పంచె కట్టిన రోజు రివాల్వర్ ఇంట్లోనే ఉండనీ.

తేలికైతే పేల్చినప్పుడు ఎగిరి తంతుందని భయపెడతారు. అమెరికా వాళ్ళ 400 గ్రాముల .38 బోరు రివాల్వర్ల విషయంలో అది నిజం. మన .32 తూటా మెత్తనిది, గుండు ఆరు గ్రాముల చిల్లరే, వేగమూ తక్కువే. తేలికదానితో చిక్కంతా ట్రిగ్గర్ దగ్గర. డబుల్ యాక్షన్‌లో, అంటే వెనకున్న సుత్తిని ముందే లాగిపెట్టకుండా ట్రిగ్గర్‌తోనే పేల్చేటప్పుడు, వేలితో చాలా దూరం, గట్టిగా లాగాలి. బరువు లేనిది ఆ లాగుడికే పక్కకి తిరుగుతుంది. షాపువాణ్ణి అడిగి, సిలిండర్ (తూటాలుండే తిరిగే చక్రం) ఖాళీ అని ఇద్దరూ చూసుకుని, మందులేని డమ్మీ తూటాలు వేసి, గోడ మీద ఒక చుక్కకి గురిపెట్టి పదిసార్లు నొక్కు. గొట్టం కొసనున్న గురి ముల్లు ఎన్నిసార్లు చుక్క దాటి కదిలిందో లెక్కపెట్టు. రెండింటితోనూ చెయ్యి. ఏది తక్కువ కదిలితే అదే నీది.

250 గ్రాముల నిడర్ అనే రివాల్వర్ చూసి ఆశపడకు. అది .22 రిమ్‌ఫైర్, అంటే తూటా అడుగు అంచు మీద కొడితే పేలే రకం; పేలకుండా మొరాయించడం ఈ రకం తూటాల్లో ఎక్కువ.

చొక్కా కింద ఉబ్బెత్తుగా కనిపించేది సిలిండరే. షాపుకి మందం కొలిచే వెర్నియర్ పట్టుకెళ్ళి దాని మందం, పిడి మందం కొలువు. పలచని తెల్ల చొక్కాలో మూడు సెంటీమీటర్ల మందం కూడా దాగదు. వదులుగా ఉండే గళ్ళ చొక్కా మేలు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో అది హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. తిరుపతి వెళ్ళేముందు లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం చూసుకో. తమిళనాడు వరకే అని రాసి ఉంటే రాష్ట్ర సరిహద్దు దాటి తీసుకెళ్ళకూడదు.

ఇక మన ఊరి చెమట. నిర్భీక్ టైటానియం మిశ్రమమని ధీమాగా ఉండకు, లోపల స్ప్రింగులు ఉక్కువే. రోజూ రాత్రి తూటాలు తీసి, నూనె గుడ్డతో తుడిచి, హోల్‌స్టర్‌లోంచి తీసి విడిగా తాళం వేసి పెట్టు. తోలు తేమని పట్టి ఉంచుతుంది, తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

సిలిండర్ కొలత రాసి పంపు, హోల్‌స్టర్ సంగతి అప్పుడు చూద్దాం.

మీ పెదనాన్న