కోమో సరస్సుకి వెళ్ళే ముందు

చి. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మేలో అమ్మానాన్నల్ని ఇటలీ తీసుకెళ్తున్నావని చెప్పగానే సంతోషమేసింది. తర్వాత నువ్వు పంపిన ప్లాన్ చూశాను. కోమో ఊళ్ళో రూము, అద్దె కారు, రెండు రోజుల్లో ఐదు విల్లాలు, అంటే ఒడ్డునున్న పాతకాలపు బంగళాలు! మొదటి రెండూ మార్చెయ్. మూడోది సగానికి తగ్గించు.

ఆ సరస్సు మ్యాపులో తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. కోమో ఊరు ఎడమ కాలి చివర. నువ్వు చూడాలనుకున్నవి దాదాపు అన్నీ కాళ్ళు రెండూ కలిసేచోట, బెల్లాజో అనే ఊరి చుట్టూ ఉన్నాయి. కోమో నుంచి మామూలు పడవలో అక్కడికి రెండు గంటలు పడుతుంది, అంటే రోజూ రానూపోనూ నాలుగు గంటలు. అందుకని తూర్పు ఒడ్డున వరెన్నాలో దిగండి. మిలాన్ సెంట్రల్ నుంచి రైల్లో గంట, కొంచెం పైన. వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, లెక్కో అనే ఊరు దాటాక సరస్సు ఆ పక్కనే ఉంటుంది. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న మెషిన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే ఫైన్ వేస్తారు. వరెన్నా నుంచి బెల్లాజోకి పడవలో పావుగంట.

కారు ఎందుకు వద్దంటున్నానంటే, పడమటి ఒడ్డు రోడ్డు ఊళ్ళ మధ్య మరీ ఇరుకు. ఎదురుగా బస్సొస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. పార్కింగ్ టెన్షన్ సరేసరి. అసలు కారణం అది కాదులే. ఆ విల్లాలు కట్టిన కాలంలో రాకపోకలన్నీ నీళ్ళమీదే. అందుకే వాటి ముఖాలు, మెట్లు, గేట్లు సరస్సు వైపుకి ఉంటాయి. కార్లోంచి నీకు ప్రహరీగోడ కనిపిస్తుంది, పడవలోంచి ఇల్లు కనిపిస్తుంది. అందులోనూ నెమ్మదిగా వెళ్ళే పడవే ఎక్కు. స్పీడు బోటుకి ఎక్కువ డబ్బులిచ్చి అద్దాల వెనక కూర్చోవాలి. సరస్సు నడిమి భాగంలోని ఊళ్ళ మధ్య ఎన్నిసార్లయినా తిరగడానికి ఒకరోజు టికెట్ దొరుకుతుంది, కౌంటర్‌లో అడుగు. రాత్రి పడవలు త్వరగా ఆగిపోతాయి కాబట్టి తిరిగొచ్చే టైము ముందే ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకో.

విల్లాల సంగతి. మేలో వెళ్తున్నారు కాబట్టి ట్రెమెజ్జోలో విల్లా కార్లొట్టా వదలొద్దు. దాని అజేలియా పూలు ఏప్రిల్, మే నెలల్లోనే. ప్రష్యా (ఒకప్పటి జర్మన్ రాజ్యం) యువరాణి షార్లెట్‌కి పెళ్ళి కానుకగా ఇచ్చారట, పేరు అలా వచ్చింది. లెన్నోలో బాల్బియానెల్లో అందరూ ఫోటోలు తీసుకునేది. 1787లో ఒక కార్డినల్, అంటే క్యాథలిక్ చర్చి పెద్ద, కట్టించుకున్నాడు. చివరి యజమాని గ్విడో మొంజీనో 1973లో ఇటలీ వాళ్ళ మొదటి ఎవరెస్ట్ యాత్రకి నాయకుడు. ఆయన తన యాత్రల వస్తువులన్నీ ఆ ఇంట్లోనే ఉంచాడు. ఊళ్ళోంచి నడకదారిలో ఎక్కుడు ఉంది. మీ అమ్మ మోకాళ్ళకి అది వద్దు, లెన్నో నుంచి చిన్న టాక్సీ బోటు తీసుకో. సాధారణంగా సోమ, బుధవారాలు మూసేస్తారు, చూసుకుని బుక్ చెయ్. మిగతావి పడవలోంచి చూస్తే చాలు.

వరెన్నాలోనే ఉన్న విల్లా మొనాస్టెరో మాత్రం మీ నాన్నకి. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన మనిషి కదా! ఒకప్పుడు సన్యాసినుల మఠం. అణు శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి చనిపోయిన 1954లోనే, కొన్ని నెలల ముందు అక్కడి వేసవి తరగతుల్లో పాఠాలు చెప్పాడు. ఆ వేసవి బడి ఇప్పుడు ఆయన పేరు మీదే నడుస్తోంది. తోట నీటి అంచునే పొడుగ్గా సాగుతుంది. మీ నాన్నని తొందరపెట్టకు. నువ్వూ అమ్మా ఒడ్డున కాఫీ తాగండి.

తిండి: పిజ్జొకేరి అడుగు. ఎక్కువగా బక్‌వీట్ అనే గింజల పిండితో, కొంచెం గోధుమ కలిపి చేసిన పాస్తాలో బంగాళదుంప, క్యాబేజీ, చీజ్ వేస్తారు. రిసోట్టో (అక్కడి బియ్యం వంటకం) అయితే మాంసం ఉడికించిన నీళ్ళతో చేశారా అని తప్పకుండా అడుగు, పైకి కనిపించదు. బిల్లులో మనిషికింత అని ‘కోపెర్తో’ ఉంటుంది, మోసం కాదు, అక్కడి పద్ధతే. మీ అమ్మ సంచిలో నెయ్యి, పాలకోవా పెట్టనీయకు. పాలపదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. ఆవిడ నా మాట వినదు, నువ్వే చూసుకో.

బెల్లాజో వీధులు సగం మెట్లే. కింద రేవు పక్క నుంచి నడిస్తే విల్లా మెల్జి తోటకి చదునైన దారి ఉంది, అమ్మని అటు తీసుకెళ్ళు.

ఆఖరి రోజు సామానుతో మళ్ళీ రైలుకి పోవద్దు. వరెన్నా నుంచి మామూలు పడవలో కోమో దాకా దిగిపోండి. దారిలో పడమటి ఒడ్డు విల్లాలన్నీ వరసగా వస్తాయి. రేవుకి దగ్గర్లోనే వోల్టా స్మారక మ్యూజియం ఉంది. బ్యాటరీ కనిపెట్టిన ఆయన ఆ ఊరివాడే, మీ నాన్నకి చెప్పకు, తీసుకెళ్ళి నిలబెట్టు. అక్కడి నుంచి మిలాన్‌కి రైల్లో ముప్పావుగంట.

రూము బుక్ చేసేముందు లిఫ్ట్ ఉందా, స్టేషన్ నుంచి ఎన్ని మెట్లు ఎక్కాలి అని రాతపూర్వకంగా అడుగు. వాళ్ళు ‘కొంచెమే’ అంటే నమ్మకు. జవాబొచ్చాక నాకు పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ