డిసెంబరు కచేరీల యాత్రకు అప్పు చేయాలా, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మేము విశాఖపట్నం మధురవాడలో ఉంటాం. మావారికి జీతం చేతికి 62,000 రూపాయలు వస్తుంది. నేను ఇంట్లో పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పి నెలకు 14,000 సంపాదిస్తాను. ఇంటి రుణం ఈఎంఐ 21,000, ఇంటి ఖర్చులు 32,000, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు 8,000. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఈ డిసెంబరులో మా ఇరవయ్యో పెళ్లిరోజు సందర్భంగా చెన్నైలో పది రోజులు ఉండి, కచేరీలు విని ఊరు చూసి రావాలని కోరిక. విమానానికి 18,000, హోటల్‌కు 36,000, కచేరీ టికెట్లకు 15,000, చీరలకు 15,000, భోజనాలకూ ఆటోలకూ 6,000, మొత్తం 90,000 అవుతుందని లెక్క వేశాం. వ్యక్తిగత రుణం ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. రుణం తీసుకోమంటారా, ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: రెండూ వద్దు. మీరు రాసిన అంకెల్లోనే మూడో దారి ఉంది. ఇద్దరి ఆదాయం 76,000 కాగా, మీరు చెప్పిన ఖర్చులూ పొదుపూ కలిపి 61,000. మిగిలే 15,000 గురించి మీ ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు కనుక, అది ప్రతి నెలా ఎటో వెళ్లిపోతోందని అనుకోవలసి వస్తోంది. ఇప్పుడు జూన్ నెల. డిసెంబరులోపు ఆరు జీతాలు వస్తాయి. ఈ యాత్రకు కావలసిన డబ్బు ఆ ఆరు జీతాల్లోనే ఉంది.

రుణం సంగతి ముందు చూద్దాం. 90,000 రూపాయలను 14 శాతం వడ్డీకి రెండేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు దాదాపు 4,320 చొప్పున మొత్తం 1,03,700 వరకు కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. పది రోజుల ఆనందానికి ఇరవై నాలుగు నెలలు వాయిదాలు కట్టడంలో అర్థం లేదు. క్రెడిట్ కార్డు మీద పెట్టి తర్వాత చూసుకుందామనుకుంటే పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే బాకీ మిగిలిపోతే చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం దాటుతుంది. 'నో కాస్ట్ ఈఎంఐ' అని రాసి ఉన్న చోట కూడా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉన్నాయో లేవో చూడకుండా నొక్కకండి.

ఎఫ్‌డీని ఎందుకు ముట్టుకోవద్దంటున్నానంటే, గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుందన్నది చిన్న కారణం మాత్రమే. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి మీకు నెలకు 53,000 కావాలి. ఆ లెక్కన 3 లక్షలు అయిదున్నర నెలలకు సరిపోతాయి. ప్రైవేటు జీతం మీదా ట్యూషన్ల మీదా నడిచే ఇంటికి ఇది ఉండవలసిన అత్యవసర నిధే తప్ప మిగులు డబ్బు కాదు.

ఇక మీ 90,000 అంచనాకు వద్దాం. మొత్తం పెద్దగా కనిపిస్తున్నా, అందులో ఎక్కువ వేసినవీ తక్కువ వేసినవీ తారుమారయ్యాయి. కచేరీలకు 15,000 అక్కర్లేదు. ఏటా డిసెంబరులో సాగే సంగీత సీజన్‌లో చెన్నై సభల్లో, అంటే కచేరీలు ఏర్పాటు చేసే సంగీత సంస్థల్లో, మధ్యాహ్నం పాడే యువ కళాకారుల కచేరీలకు చాలాచోట్ల ప్రవేశం ఉచితం. డబ్బు పెట్టవలసింది ప్రధానంగా సాయంత్రపు పెద్ద కచేరీలకే. 1928లో ఏర్పడిన మ్యూజిక్ అకాడమీలో ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలు, పాఠం చెప్పే మీకు, ఏ సాయంత్రపు కచేరీకీ తీసిపోవు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మైలాపూర్ మాడ వీధుల్లో సాగే భజనలకు టికెట్టే లేదు. సీజన్ టికెట్ కొనాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. అది నెలంతా ఆ ఊళ్లో ఉండేవారికి గిట్టుబాటవుతుంది కానీ వారం ఉండేవారికి కాదు. ఏ పూటకు ఆ పూట టికెట్లతో నాలుగు పెద్ద కచేరీలు వినడానికి ఇద్దరికీ 6,000 పక్కన పెడితే సరిపోతుంది.

తక్కువ వేసింది భోజనాలకూ ఆటోలకూ. పది రోజులకు 6,000 అంటే ఇద్దరికీ కలిపి రోజుకు 600. అందులో ఉదయం టిఫిను, సభ క్యాంటీన్‌లో అరటి ఆకు భోజనం, సాయంత్రం కాఫీ, రాత్రి తొమ్మిదిన్నరకు కచేరీ ముగిశాక గదికి ఆటో, ఇవన్నీ ఇమడవు. రోజుకు భోజనాలకు 1,200, తిరగడానికి 700 వేసుకోండి.

అసలు బరువు గది అద్దెది, అది మీరుండే రాత్రుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. పది రోజులకు బదులు ఆరు రాత్రులు, ఏడు రోజులు చాలని నా అభిప్రాయం. విశాఖ కళాభారతిలో ఏడాది పొడవునా కచేరీలు వినే అలవాటున్నవారికి కూడా రోజుకు రెండు మూడు కచేరీల చొప్పున అయిదో రోజుకే చెవులు విశ్రాంతి కోరతాయి. ఎగ్మూరు, సెంట్రల్ దగ్గర గదులు ఏడెనిమిది వందలు తక్కువకు దొరకవచ్చు కానీ, మ్యూజిక్ అకాడమీ, నారద గానసభ రెండూ టీటీకే రోడ్డులోనే ఉన్నాయి. మైలాపూర్ సభలు అక్కడికి దగ్గర. కృష్ణ గానసభ, వాణీ మహల్ టీ నగర్‌లో ఉన్నాయి. మైలాపూర్, ఆళ్వార్‌పేట పరిసరాల్లో పన్నుతో కలిపి 3,500లోపు గది తీసుకుంటే మిగిలేది ఆటో డబ్బే కాదు, మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చే వీలు కూడా. క్రిస్మస్ దాటితే అద్దెలు పెరుగుతాయి కనుక డిసెంబరు 16 నుంచి 22 వరకు పెట్టుకోండి. ఉదయపు ప్రసంగాలు జరిగే మ్యూజిక్ అకాడమీ సదస్సు కూడా అప్పటికి మొదలై ఉంటుంది.

విమానం బదులు రైలెక్కితే సెకండ్ ఏసీలో ఇద్దరికీ రానుపోను 7,000 కేటాయిస్తే చాలు. కోరమాండల్, హౌరా మెయిల్ రెండూ మన స్టేషన్ మీదుగానే వెళ్తాయి. ఆరు రాత్రుల గదికి 21,000, భోజనాలకు 8,400, ఆటోలకూ మెట్రోకూ 4,900, కచేరీలకు 6,000, మహాబలిపురానికి ఒక రోజు కారుకు 4,000, చీరలకు 10,000, చేతిలో అదనంగా 4,000, అన్నీ కలిపి 65,300 అవుతుంది. చీరల పద్దును ఇంకా తగ్గించమని అడగను. టీ నగర్ వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వస్తారని లెక్క వేసే సలహాదారు లెక్క నిలబడదు. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి స్తూప శిల్పాలు చూడడం మాత్రం మరచిపోకండి, శుక్రవారం సెలవు.

నెలకు 11,000 చొప్పున ఆరు నెలలకు 66,000 చేరుతుంది. ఇక్కడ చాలామంది ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) తెరవమంటారు, నేను అనను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి 16వ తేదీ ప్రయాణానికి అక్టోబరు 17 ఉదయమే టికెట్లు తీయాలి. గదికి అడ్వాన్సు కూడా ఆ రోజుల్లోనే కట్టవలసి ఉంటుంది. డిసెంబరులో చేతికొచ్చే ఆర్‌డీ అక్టోబరులో అక్కరకు రాదు. ఏటీఎం కార్డు తీసుకోకుండా విడిగా ఒక పొదుపు ఖాతా తెరిచి, జీతం పడిన మర్నాడే 11,000 దానికి వెళ్లేలా బ్యాంకులో సూచన ఇచ్చి ఉంచండి. వడ్డీలో మీరు కోల్పోయేది ఆరేడు వందలకు మించదు. సిప్‌లు ఆపవద్దు, ఆపే అవసరం కూడా లేదు.

మీవారి జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) భాగం ఉందేమో చూడమనండి. ఆయన పాత పన్ను విధానంలో ఉంటే, కంపెనీ నిబంధనల ప్రకారం రైలు ఛార్జీల మేరకు పన్ను మినహాయింపు కోరవచ్చు. గది అద్దెకూ భోజనాలకూ అది వర్తించదు. కొత్త విధానంలో ఉంటే ఈ ప్రస్తావనే అక్కర్లేదు.

చివరిగా తుపాన్ల విషయం. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపానుకు చెన్నై నీట మునిగి రైళ్లు రద్దయ్యాయి. రైల్వేయే రైలును రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది కానీ, గదికి కట్టిన డబ్బు విషయంలో అలాంటి భరోసా లేదు. అందువల్ల కొంచెం ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గదినే బుక్ చేయండి. రద్దుకు ఆఖరి తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, అంతకు రెండు రోజుల ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసి నిర్ణయించుకోండి.